కోటిపల్లి రేవులో ఒక పూట

కోటిపల్లిలో బస్సు దిగగానే మా అమ్మ ముందు రేవు మెట్ల దగ్గర చెప్పులు విడిచి నీళ్లలోకి దిగేది. ఒక చేత్తో చీర ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో మూడుసార్లు నీళ్లు తల మీద చల్లుకునేది. కొంగు ముడి విప్పి పది పైసల బిళ్ల గోదావరిలో వేసేది. గట్టెక్కాక బస్సులో నలిగిపోయిన కుచ్చిళ్లు విప్పి మళ్లీ పెట్టుకునేది. జడ విప్పి అల్లుకునేది. రేవులో పూలమ్మే మామ్మ దగ్గర మూర కనకాంబరాలు కొని తలలో పెట్టుకునేది. కాకినాడలో ఏడాది పొడుగునా అమ్మ తలలో కనకాంబరాలు చూసిన గుర్తు నాకు లేదు.

ఇదంతా అయ్యేలోపు ఏరు దాటించే పంటు ఒకటి వెళ్లిపోయేది. నాన్నగారు వాచీ చూసుకుని, "ఇంక గంట దాకా లేదు" అనేవారు. అమ్మ మాత్రం, "పోనీండి, ఏం తొందర?" అనేది. ఇంట్లో పొద్దున లేస్తే పాలవాడి దగ్గర్నుంచి నాన్నగారి క్యారేజీ దాకా ప్రతి దానికీ తొందరపడే మనిషి నోట ఆ మాట వినడం నాకు వింతగా ఉండేది.

1980లలో మాట ఇది. మేము కాకినాడలో ఉండేవాళ్లం. అమ్మమ్మగారి ఊరు గోదావరికి అవతల, ముక్తేశ్వరం దగ్గర. కాకినాడ నుంచి కోటిపల్లికి యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా వేసవి సెలవుల్లో పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరితే అమ్మమ్మ ఇంటి అరుగు ఎక్కేసరికి మధ్యాహ్నం మూడయ్యేది. రామచంద్రపురంలో బస్సు మారడం, ద్రాక్షారామలో ఎవరో బంధువులు కనబడితే వాళ్లింట్లో మజ్జిగ తాగడం, కోటిపల్లిలో పంటు కోసం కూర్చోవడం, ఏటికి అవతల మావయ్య బండి కట్టుకుని వచ్చేదాకా మళ్లీ కూర్చోవడం. లెక్క వేస్తే కూర్చున్న సేపే ఎక్కువ. నా చిన్నతనమంతట్లో నాకు బాగా గుర్తున్నది ఆ కూర్చున్న సేపే.

పంటు తెలియనివాళ్ల కోసం చెబుతాను. రెండు పడవలు పక్కపక్కన కట్టి, వాటి మీద బల్లలు పరిచి, చుట్టూ కటకటాలు వేస్తే పంటు. దాని మీదికి సైకిళ్లు, స్కూటర్లు, అరటి గెలలు, కొబ్బరికాయల బస్తాలు, ఎద్దులు, పెళ్లివారు అందరూ ఎక్కేవారు. రద్దీ రోజుల్లో మనిషికీ గెలకీ మధ్య గాలి దూరేది కాదు. అవతలి ఒడ్డు మొదట ఒక పచ్చటి గీతలా ఉంటుంది. ఆ గీతలోంచి కొబ్బరి మొవ్వులు విడివిడిగా కనబడడం మొదలైతే సగం దాటామని లెక్క. తర్వాత గుడి గోపురం, ఆ తర్వాత రేవులో బట్టలు ఉతికేవాళ్లు, చివరికి మావయ్య తలపాగా. ఏప్రిల్, మే నెలల్లో నది చిక్కిపోయి ఇసుక మేటలు తేలేవి. అప్పుడు పంటు మధ్యలోనే దింపేసేది. ఇసుకలో బళ్లు దిగబడకుండా తాటాకులు, వరిగడ్డి పరిచి దారి చేసేవారు. ఆ దారి మీద మేము చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్లం. అరికాళ్లు కాలిపోతుంటే ఎదర కనబడిన తాటాకు మీదికి దూకడం, ఒక్క క్షణం ఆగడం, మళ్లీ దూకడం.

పంటు మీద నేను గమనించిన సంగతి ఒకటుంది. దాని అర్థం మాత్రం నాకు నలభై ఏళ్లు దాటాక గాని తెలియలేదు. కాకినాడలో మా అమ్మని అందరూ "గుమాస్తాగారి భార్య" అనేవారు. వీధిలో అయినా, రేషన్ షాపులో అయినా, గుడిలో అయినా అంతే. పంటు మీద పక్కనున్న ఆడవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎవరి తాలూకమ్మా?" అని. అమ్మ వెంటనే మా తాతయ్య పేరు చెప్పి, "వారి రెండో అమ్మాయినండీ" అనేది. ఆ మాట అన్న దగ్గర్నుంచి గొంతు మారిపోయేది. "వస్తుంది, చేస్తుంది" అనే మనిషి "వచ్చేత్తంది, చేసేత్తంది" అని మొదలుపెట్టేది. "ఆయ్" అనేది. పైకి వినబడేలా నవ్వేది. ఇంట్లో అంత పెద్దగా నవ్వడం నేను వినలేదు. అత్తవారి ఊళ్లో బస్సెక్కిన కోడలు పుట్టింటి ఊళ్లో కూతురై దిగాలంటే ఆమెకి ఒక పూట కావాలి. రేవు ఆమెకి ఆ పూట ఇచ్చేది. గోదావరి నీళ్లు చల్లుకోవడం, కుచ్చిళ్లు సర్దుకోవడం, కనకాంబరాలు, పేరు చెప్పుకోవడం, యాస మార్చుకోవడం అన్నీ అందుకే.

ఇక అమ్మమ్మ ఇల్లు. ఆ ఇంటి గురించి రాయడం మొదలుపెడితే ఆగను గనక ఒక్క పొట్టిక్కల సంగతి చెబుతాను. మేము వెళ్లిన మర్నాడు అమ్మమ్మ తప్పకుండా పొట్టిక్కలు పెట్టేది. ముందురోజు సాయంత్రం పనసాకులు కోసుకొచ్చి అరుగు మీద పోసేవారు. నాలుగు ఆకులు ఒకదాని అంచు మీద ఒకటి పెట్టి, కొబ్బరి ఈనెలు చిన్న ముక్కలుగా తుంపి గుచ్చితే బుట్ట తయారవుతుంది. వినడానికి సులువుగా ఉంటుంది గాని ఈనె మరీ లోపలికి గుచ్చితే ఆకు చీలుతుంది, పైపైన గుచ్చితే పిండి పోశాక విచ్చుకుంటుంది. నా బుట్టలు ఎప్పుడూ కారేవి. అమ్మమ్మ వాటిని పారేయకుండా అడుగున ఇంకో ఆకు వేసి, "ఇది నీదే, నువ్వే తినాలి" అనేది. పొద్దున ఇడ్లీ పిండి అందులో పోసి ఆవిరి మీద ఉడికిస్తే, మూత తీయగానే పనసాకు వాసన వీధి గుమ్మం దాకా వచ్చేది. ఆకు విప్పితే పొట్టిక్క మీద దాని ఈనెల గీతలు అచ్చుపడి ఉండేవి. దాని మీద నెయ్యి, పక్కన కొబ్బరి పచ్చడి.

తర్వాత కాలం మారింది. 1996 నవంబరు తుపాను మావయ్య తోటలో సగం చెట్లు పడగొట్టింది. ఆ ఏడే పెళ్లయి నేను హైదరాబాద్ వచ్చేశాను. 2002లో యానాం, ఎదుర్లంక మధ్య గోదావరి పాయ గౌతమి మీద వంతెన వచ్చింది. ఆ వంతెన వద్దనే మాట నేను ఎప్పుడూ అనను. తాతయ్యకి ఒక రాత్రి గుండెనొప్పి వచ్చింది. పంటు లేని వేళ. పడవ దొరికేదాకా ముక్తేశ్వరం రేవులో మంచం మీద పడుకోబెట్టి తెల్లవారే వరకు కూర్చున్నారు. ఆ కథ తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని. ఆసుపత్రికి వెళ్లేవాడికీ, పరీక్షకి వెళ్లే పిల్లాడికీ వంతెన ప్రాణంతో సమానం. నా మాటంతా సెలవుల గురించి. ఏ పనీ లేకుండా వెళ్లే ప్రయాణాన్ని కూడా ఆసుపత్రికి వెళ్లినట్టు వెళ్లడం మనకి ఎప్పుడు అలవాటైందో అని బాధపడతాను.

నేనూ అలాగే వెళ్లాను. 2019లో అమ్మని, పిల్లల్ని తీసుకుని ఒక టూర్ వాళ్ల బస్సులో కోనసీమకి వెళ్లాను. రెండు రోజులు, ఎనిమిది చోట్లు. అయినవిల్లిలో ఇరవై నిమిషాలు, అంతర్వేదిలో దర్శనానికీ సముద్రానికీ కలిపి ముప్పావుగంట. బస్సు హారన్ కొడితే పెద్దవాళ్లు ప్రసాదం చేత్తో పట్టుకుని పరిగెత్తారు. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఆవిడ కుండ మీద గుడ్డతో పల్చటి జావ తుడుస్తుంటే, రేకు లేచే సరికి మాకు పిలుపు వచ్చేసింది. మా అమ్మాయి ఆ రేకు చూడనే లేదు. రాత్రి లాడ్జిలో అమ్మ కాళ్లు నొక్కుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఇంతకీ గోదావరి ఎప్పుడు దాటామే?"

వంతెన మీదికి వచ్చేసరికి అమ్మ నిద్రపోయింది. లేపాలని నాకు తట్టలేదు. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

పోయిన సంక్రాంతికి అమ్మతో పది రోజులు వెళ్లాను. అమ్మకి ఇప్పుడు డెబ్బై ఆరు. పిల్లలు వాళ్ల చదువుల్లో ఉన్నారు గనక మేమిద్దరమే. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో కాకినాడ వచ్చి, ఒక రోజు అక్కడే ఆగి, మర్నాడు బస్సులో కోటిపల్లికి వెళ్లాం. రైలు బస్సు ఉంటే అందులోనే వెళ్లేవాళ్లం. కాకినాడ, కోటిపల్లి మధ్య 45 కిలోమీటర్ల లైను బ్రిటిష్ వాళ్ల హయాంలోనే ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో వేశారు. ఒకే ఒక్క పెట్టె ఉన్న రైలు బస్సు కరప, వేలంగి, రామచంద్రపురం, ద్రాక్షారామ మీదుగా పొలాల మధ్య నుంచి నడిచేది. పిల్లల చిన్నప్పుడు ఒకసారి ఎక్కించాను. దారిలో గేటు వస్తే బండి ఆపి, ఒకాయన దిగి గేటు వేసి, బండి దాటాక మళ్లీ తీసి ఎక్కేవాడు. మావాడికి ఆ ఉద్యోగమే కావాలని నెల రోజులు గొడవ. కరోనా రోజుల్లో అది ఆగిపోయింది. మళ్లీ నడిపితే మొదటి రోజే వెళ్లి ఎక్కుతాను.

కోటిపల్లిలో రేవు మెట్లు దిగడానికి అమ్మకి ఇప్పుడు నా భుజం కావాలి. నీళ్లు మాత్రం మూడుసార్లే చల్లుకుంది. రైలు వంతెన కోసం కట్టిన స్తంభాలు ఏట్లో వరసగా నిలబడి ఉన్నాయి. అమ్మ వాటివైపు కాసేపు చూసి, "ఇది కూడా వచ్చేత్తే పంటు ఉండదేమో" అంది. యాస మొదలైపోయిందని అప్పుడే అర్థమైంది.

అమ్మమ్మ ఇల్లు అమ్మేసి చాలా ఏళ్లయింది. పిన్ని వరసయ్యే ఒకావిడ ఇంట్లో వీధివైపు గది ఇచ్చారు. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులూ నాకు కుదురు లేదు. సెలవులు వేస్ట్ అవుతున్నాయేమోనని లోలోపల టెన్షన్. ఫోన్ తీసి దగ్గర్లో చూడాల్సినవి ఏమున్నాయా అని వెతికాను. మూడో రోజు పొద్దున అరుగు మీద కాఫీ తాగుతుంటే ఎదురింటి తోటలో దింపు మొదలైంది. కాళ్లకి బంధం వేసుకుని ఒకతను చెట్టెక్కాడు. పైన కత్తి తగిలిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు, తర్వాత గెల నేలకి తగిలిన చప్పుడు. అలా పదకొండు చెట్లు. కింద ఇంకొకతను నేలలో పాతిన గునపం మీద కాయ వేసి, మూడు తిప్పులు తిప్పితే పీచు డొక్కలు విడిపోతున్నాయి. గంటకి పైగా చూశాను. కాఫీ చల్లారిపోయింది. ఆ రోజు ఫోన్ ఎక్కడ పెట్టానో రాత్రి దాకా గుర్తు రాలేదు.

ఆ తర్వాత రోజులు వాటంతట అవే నడిచాయి. ఒక రోజు బస్సెక్కి పి.గన్నవరం వెళ్లి అక్విడెక్టు దగ్గర కూర్చున్నాం. కింద వైనతేయ నది, పైన కాలవ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఆ నీళ్లు నది దాటి లంకలకి వెళ్లాలని 49 ఖానాలతో ఆ పాతది కట్టారు. దాని పక్కనే 2000లో కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లి, 1909లో పోయారు. ఆ ఏటి పక్కనే లంకల గన్నవరంలో ఉండేవారు. రేవు దాటి నడిచి వచ్చేవాళ్ల కాలం అది. ఎవరో ఒకరి ఇంటి అరుగు లేకపోతే ప్రయాణం సాగేది కాదు. మా అమ్మ ఆ పేరు ఉన్న బోర్డుకి చేతులెత్తి దండం పెట్టింది.

అసలు ఆ పది రోజుల్లో మాకు దొరికిన పెద్ద సంపద ప్రభలు కట్టడం చూడడం. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. ప్రభ అంటే దేవుణ్ణి ఊరేగించడానికి వెదురుతో కట్టి అలంకరించేది. పదకొండు ఊళ్ల నుంచి పదకొండు రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద అక్కడికి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా పెట్టింది కూడా ఇదే. కనుమనాడు వచ్చి ఫోటో తీసుకుని వెళ్లేవాళ్లు వేలమంది. మేము నాలుగు రోజుల ముందు నుంచీ పొద్దున్నా సాయంత్రం వెళ్లి, ప్రభ కడుతున్న చోట కూర్చున్నాం. వెదురు బద్దలు వంచి కట్టడం, వాటి మీద రంగు గుడ్డలు బిగించడం, వరి కంకులు, నెమలి పింఛాలు, గంటలు. ఒక ముసలాయన గుడ్డ మడత దగ్గర ముడతపడిందని కుర్రాళ్లు బిగించినదంతా విప్పించారు. "దూరం నుంచి ఎవరికి కనబడుద్ది తాతా?" అని ఒకడంటే, "సామికి కనబడుద్దిరా" అన్నారు. కనుమనాడు గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటుతుంటే, పీకల్లోతు నీళ్లలో, తర్వాత పచ్చటి వరిచేలలో, "అశ్శరభ శరభ" అంటూ భుజాల మీద మోస్తుంటే, గట్టు మీద నిలబడి అమ్మ ఏడ్చేసింది. చేను తొక్కినందుకు ఏ రైతూ ఏమీ అనడు. తన చేలోంచి వెళ్తే చాలనుకుంటాడు.

ఇలా తొందర లేకుండా ఒకేచోట ఉండిపోయే ప్రయాణానికి ఇప్పుడు స్లో ట్రావెల్ అని ఒక పేరు వచ్చింది. మా ఆఫీసులో పిల్లలు అడుగుతుంటారు, ఎక్కడికి వెళ్లమంటారు మేడమ్ అని. కోనసీమకే వెళ్లమని చెబుతాను. గోదావరి వరద రోజులు, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా వద్దు. సంక్రాంతికి వారం ముందు వెళ్లి కనుమ దాకా ఉండండి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఆ పన్నెండు రోజులూ రేవుల్లో నిలబడే చోటుండదు, ముందో వెనకో వెళ్లండి. ఒకే ఊళ్లో కనీసం ఐదు రాత్రులు పడుకోండి. కారు కాకినాడలోనో రాజమండ్రిలోనో వదిలేసి బస్సులు, పంటులు ఎక్కండి. నరసాపురంలో వశిష్ఠ పాయ దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్తే, సంగమం దగ్గర పొద్దు వాలేదాకా ఉండిపొండి. మధ్యాహ్నం పూట ఏ పనీ పెట్టుకోకండి. కొండలు కావాలంటే విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి అరకు వెళ్లండి. యాభైకి పైగా సొరంగాల్లోంచి నిదానంగా ఎక్కే ఆ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, దిగాక సాయంత్రానికే వెనక్కి రాకుండా నాలుగు రోజులు ఆ చలిలో ఉండండి. ముసలివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లని తీసుకెళ్లండి. వాళ్ల నడకతో మీరు నడవాల్సి వస్తుంది, అది మంచిదే.

తిరుగు ప్రయాణం రోజు ముక్తేశ్వరం రేవుకి వచ్చేసరికి పంటు సిద్ధంగా ఉంది. పండక్కి వచ్చి వెళ్లేవాళ్ల బండ్లతో నిండిపోయింది. "ఎక్కేత్తారా అండీ?" అని కేకేశాడు తాడు విప్పుతున్న కుర్రాడు. అమ్మ చెయ్యి ఊపి, "తర్వాత దానికి వత్తాంలే బాబూ" అంది. మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ ఆ ఉదయం కొన్న కనకాంబరాల దండ ఇంకా ఒళ్లోనే ఉంది. పక్కన కొబ్బరిబొండాలు అమ్ముకునే మామ్మ మమ్మల్ని కాసేపు పరకాయించి చూసి, అమ్మని వదిలేసి నన్ను అడిగింది.

"ఎవరి తాలూకమ్మా?"

హైదరాబాద్‌లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగరు. అక్కడ ఎవరైనా అడిగితే ఉద్యోగం చెబుతాను, ఉండే ఏరియా చెబుతాను. ఇక్కడ నోటికి అవేమీ రాలేదు.

"ఇదిగో, ఈవిడ అమ్మాయినండీ" అన్నాను.

అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఒళ్లో ఉన్న దండ తీసి, మధ్యకి తుంపి, సగం నా తలలో పెట్టింది.